బీట్‌రూట్ కొన్న రోజు

ఫిబ్రవరి పదకొండు. మా పెళ్ళిరోజుకు ముందురోజు. ఆ మధ్యాహ్నం నేనూ నా భార్యా ఉడికించిన బీట్‌రూట్, రొట్టె తిన్నాం. నేను రెండోసారి వడ్డించుకుంటుంటే ఆమె నా పళ్ళెం వంక చూసి నవ్వింది. అంతవరకు నాకు బాగా గుర్తుంది. ప్రమాణం చేసి చెప్పగలను, చెప్పాను కూడా, ప్లీడరు గారు రాసుకున్నారు, లోపలి గదిలో ఇప్పుడు టైపవుతున్నది ఆ మాటే. ఆమె పోయిన ఏడాదికి, అదే తారీఖుతో ఒక వీలునామా బయటపడింది. నా భార్య తన ఇంటిని చెల్లెలికి రాసిందట. నేను బతికున్నంత కాలం అందులో ఉండవచ్చునట. వంటగది ఇద్దరమూ వాడుకోవాలట. కింద సంతకం లేదు, ఎడమచేతి బొటనవేలి ముద్ర ఉంది. బడిలో రెండు తరాల పిల్లల చేత గుండ్రటి అక్షరాలు దిద్దించిన మనిషి, హెడ్‌మిస్ట్రెస్‌గా కుర్చీ దిగేదాకా కట్టలకు కట్టలు సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టిన మనిషి, సొంత ఇంటిని వేలిముద్ర వేసి ఇచ్చేసిందంటే ఎవరు నమ్ముతారు. నేను నమ్మలేదు. నమ్మనందుకే ఈ సాయంత్రం ప్లీడరు గారి ముందుగదిలో, ఒక కాలు పొట్టిగా ఉన్న బెంచీ మీద కూర్చుని, పిలుపు కోసం చూస్తున్నాను.

బెంచీ కాలు కింద ఎవరో అట్టముక్క మడిచి పెట్టారు. ఎవరో పుణ్యాత్ములు, లేకపోతే నేను కదిలినప్పుడల్లా అది టకటకమనేది. లోపల ప్లీడరు గారు ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నారు. ఎవరితో? అవతలి పక్షం ప్లీడరుతో కావచ్చు, ఇద్దరూ ఒకే కాలేజీలో చదువుకున్నారని మొన్న ఆయనే అన్నారు, నన్ను ధైర్యపరచడానికి అన్నారో, ముందే చెప్పేస్తే నేను తరవాత తప్పు పట్టలేనని అన్నారో. గుమాస్తా నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఎందుకు దించుకున్నాడు? ఉద్యోగం వదిలినా అలవాటు వదల్లేదు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా బతుకంతా దుకాణాల తక్కెడలు తిరగేసి చూశాను. పళ్ళెం అడుగున అంటించిన అయస్కాంతం, లోపల తొలిచేసి సీసం తీసేసిన తూనికరాయి, చింత గింజంత మైనం, చూపుడువేలితో దండెను నొక్కిపట్టే చాకచక్యం, అన్నీ చూశాను. ఎక్కువ మర్యాద చేసే దుకాణదారుడి కాటానే ముందు తనిఖీ చెయ్యాలని నేర్చుకున్నాను. కుర్చీ వేసి, చల్లటి నీళ్ళు తెప్పించి, ‘పెద్దవారు ఎండలో వచ్చారు’ అన్నవాడు ఎన్నడూ నన్ను కేసు రాయించకుండా పంపలేదు.

మా మరదలు కూడా అంతే, మర్యాద ఎక్కువ. ఇంటి వెనక గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని పాతికేళ్ళుగా మాతోనే ఉంది. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదో మేము అడగలేదు, అడగనందుకు ఆమె మా మీద ఒక రకమైన కృతజ్ఞత చూపేదని నా భార్య అంటుండేది. ఇప్పుడు ఆ కృతజ్ఞతను కూడా తిరగేసి చూడాలనిపిస్తున్నది. వీలునామా బయటపెట్టిన రోజు మరదలు కాగితం నా చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద కత్తెర పెట్టి, ‘అక్క ఏడాది ఆగి ఇవ్వమంది బావగారూ’ అని వెళ్ళిపోయింది. ఏడాది ఎందుకు ఆగాలి? ఏడాదిలో సాక్షులను కుదుర్చుకోవచ్చు. సాక్షుల్లో ఒకడు కళ్ళజోళ్ళ షాపు ఆయన, ఆయన షాపు కర్టెన్లన్నీ మరదలు కుట్టినవే. రెండో సాక్షి ఆ షాపు మేడ మీద దస్తావేజులు రాసే మనిషి. ఇంకేం కావాలి? నా కూతురు ఫోన్లో అదే అంది: ‘పిన్ని మంచిదే నాన్నా, కాదన్నదెవరు. మంచితనం వేరు, ఇల్లు వేరు. ఇల్లు అమ్మేసి నువ్వు నా దగ్గరికి వచ్చెయ్. పిన్నికి ఎక్కడో ఒక గది చూద్దాం.’ ఎక్కడో ఒక గది. ఆ మాట దగ్గర మంచినీళ్ళు తాగాను, సరేనన్నాను.

అప్పటినుంచి ఇంట్లో ఇద్దరం ఒకరి వెనక ఒకరు నడిచే దొంగల్లా తిరుగుతున్నాం. నేను బీరువాకు తాళం వేస్తున్నాను, లోపల ఏముందని, పాత కోట్లు, నా భార్య కళ్ళజోళ్ళు. మరదలు పొద్దున టీ గ్లాసు తెచ్చి గడప దగ్గర స్టూలు మీద పెట్టి వేలితో ఒకసారి తలుపు తట్టి వెళ్ళిపోతుంది. మొదటిరోజు తాగలేదు. కేసు పెట్టబోతున్న మనిషికి టీ ఎందుకు ఇస్తుంది? రెండోరోజు తాగాను, చక్కెర సరిగ్గా నాకు ఎంత కావాలో అంతే ఉంది, దానికీ కోపం వచ్చింది. రాత్రిపూట ఆమె వెనక గదికి వెళుతూ మధ్య తలుపు మూస్తుంది. ఆ తలుపు కింద నేలను రాసుకుంటుంది, కీచుమని అరుస్తుంది, ఇల్లు కట్టినప్పటి నుంచి వడ్రంగి రేపు వస్తాను రేపు వస్తాను అంటూనే పోయాడు, మనిషే పోయాడు. మరదలు మూస్తే మాత్రం చప్పుడు రాదు. మంచం మీద కళ్ళు మూసుకుని చెవులు రిక్కించి వినేవాణ్ణి. అలవాటైన అరుపు వినపడకపోతే మనిషికి నిద్ర పట్టదు. అంత మెత్తగా తలుపు మూసే మనిషి ఇంకేమేం మెత్తగా చేస్తుందో.

ముందుగదిలోకి ఒక పెద్దావిడ వచ్చింది, పక్కన కోడలు. గుమాస్తా లేచి సొరుగులోంచి ఇంకు ప్యాడ్ తీశాడు, మూత రావడం లేదు, పంటితో లాగాడు. కాగితాలు పరిచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ‘వేలు వదులుగా పెట్టండమ్మా, నేనే తిప్పుతాను.’ ‘తిప్పు నాయనా, మా ఆయన తరవాత నా చెయ్యి పట్టుకున్నవాడివి నువ్వే.’ కోడలు ‘అత్తయ్యా!’ అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గుమాస్తా చెవులు ఎర్రబడ్డాయి. కాగితం మీద కాగితం, వేలు ప్యాడ్ మీదికీ కాగితం మీదికీ. ‘అయిపోయిందా? నా వేలు నాకిచ్చెయ్ మరి.’ అతను గుడ్డముక్క అందించేలోపే ఆవిడ బొటనవేలు తలవెంట్రుకల్లో పెట్టి రుద్దేసుకుంది. చూస్తే వేలు అలాగే ఉంది, నీలమూ కాదు ఎరుపూ కాదు, రెంటికీ మధ్య రంగు, గోరు చుట్టూ మాత్రం మరీ చిక్కగా. ‘ఇంటికెళ్ళి సబ్బుతో తోముదురుగాని పదండి’ అంది కోడలు. ‘సబ్బుకేం పోతుంది,’ అన్నాడు గుమాస్తా, ‘నాలుగు రోజులకు దానంతటది పోవాల్సిందే. కూర కలిపినప్పుడు చూడండి, మీరే భయపడతారు.’

ఆ రంగు. ఆ రంగు నేను ఎక్కడో చూశాను. మాంసం దుకాణాల్లో వేలాడే మాంసం మీద కొట్టే సీలు రంగు, కాదు, అది వేరు. గోరు చుట్టూ చిక్కగా. ఎవరి గోరు? నా భార్య రొట్టె తుంచుతోంది, ఎడమచేత్తో రొట్టె అదిమిపట్టి కుడిచేత్తో తుంచుతోంది, అరచేతులు రెండూ బీట్‌రూట్ రసంతో ఎర్రగా, నేను నవ్వుతున్నాను. బీట్‌రూట్ అంటే ఆమెకు పడదు. వంటగదిలో హత్య జరిగినట్టుంటుంది అనేది. పెళ్ళయిన కొత్తలో నేను అడిగితే, ‘కావాలంటే మీరు వండుకోండి, నేను పోలీసులకు ఫోన్ చేస్తాను’ అనేది. అలాంటిది ఆ రోజు తనే వండింది, నాకిష్టమని, మర్నాడు పెళ్ళిరోజని, నేను ఎంత సంబరపడ్డాను. ప్లీడరు గారికి కూడా ఆ సంబరంతోనే చెప్పాను: ‘పొద్దుటినుంచి వంటగదిలోనే ఉందండీ, నాకోసం ప్రత్యేకంగా వండింది, ఇల్లు కదిలితే కదా వీలునామా రాయడానికి.’ ఆయన తల ఊపి, ‘బ్రహ్మాండం’ అన్నారు. బీట్‌రూట్ ఇంట్లో లేదు.

ఈ మాట ఎక్కడినుంచి వచ్చింది? నేనే అనుకున్నాను. బీట్‌రూట్ ఇంట్లో లేదు, ఉండే అవకాశం లేదు. మా ఇంట్లో కూరలు తెచ్చేది నేను. ఇన్‌స్పెక్టరు ఇంటికి వేరేవాళ్ళు కూరలు కొనడమేమిటని మొదటినుంచీ అది నా పని, నా గర్వం. నన్ను చూస్తే అంగడివాళ్ళు తక్కెడ తుడిచేవాళ్ళు. ఆమెకు ఇష్టం లేనిది నేను తెచ్చేవాణ్ణి కాదు. మరి ఎవరు తెచ్చారు? వీధి గుమ్మం. ఆమె సంచి. ఆమె బయటినుంచి వస్తోంది. వస్తూ వస్తూ, ‘ఏమండీ, నన్ను తూకంలో ముంచాడేమో కాస్త చూసి పెడుదురూ’ అంది. నేను లేచాను, అటక మీదనుంచి నా పాత చేతితక్కెడ దించాను, దుమ్ము ఊదాను, దుంపలు పళ్ళెంలో పెట్టాను. మొగ్గు సరుకు వైపే ఉంది. ‘ఎక్కువే ఇచ్చాడే, నీ మొహం చూసి భయపడ్డాడు టీచరమ్మా’ అన్నాను. ఆమె ఎడమచెయ్యి సంచి లోపలే ఉంది. నేను దుంపలు చూస్తున్నాను. కళ్ళజోడు కాలు ఊడిందని, మరలు బిగించుకొస్తానని, పొద్దున్నే షాపు తెరిచే వేళకు వెళ్ళింది. కళ్ళజోళ్ళ షాపుకు. మేడ మీద దస్తావేజులు రాసే మనిషి ఉండే షాపుకు.

ఉండు, తొందరపడకు. ఇదంతా మరదలు నా బుర్రలోకి ఎక్కించిందేమో. ఎలా ఎక్కిస్తుంది, ఆమె మాట్లాడితే కదా. మా శాఖలో చేరిన కొత్తలో పై అధికారి ఒకాయన, ముక్కుపొడి మనిషి, ఒక పద్ధతి చెప్పేవాడు: రాయి ఇటు, సరుకు అటు పెట్టి ముల్లు నడిమికి వచ్చింది కదా అని సీలు కొట్టెయ్యకు, రెండూ తీసి పళ్ళేలు మార్చి పెట్టు, అప్పుడు కూడా నిలిస్తే అప్పుడు కొట్టు, దండెలో ఒక చెయ్యి పొడుగుంటే మొదటిసారి తెలియదు, మార్చినప్పుడు తెలుస్తుంది. ఎన్ని దుకాణాల్లో మార్చి పెట్టానో. ఇన్ని నెలలుగా మరదలు మోసం చేసిందని ఒకవైపు పెట్టి తూస్తున్నాను, అన్నీ సరిపోతున్నాయి, సాక్షులూ సరిపోయారు, టీ కూడా సరిపోయింది. మార్చి పెట్టు. ఆ ముద్ర ఆమెదే అనుకో. అనుకుని చూడు.

అనుకుంటే సాసర్లు గుర్తొస్తున్నాయి. ఎప్పటినుంచో ఇంట్లో సాసర్లు కనపడటం మానేశాయి. ‘కడగలేక చస్తున్నాను, గ్లాసుల్లో తాగుదాం’ అంది, గ్లాసు కూడా సగమే పోసుకునేది. సరుకుల చీటీ నన్ను రాయమనేది. ‘మీ అక్షరం ముత్యాల్లా ఉంటుంది, నాది పిల్లలతో పాడైపోయింది’ అంటే ఉబ్బిపోయి రాసేవాణ్ణి. పోస్టుమాన్ వస్తే ‘ఏమండీ, మీరు పెట్టండి సంతకం, నా చేతులు పిండిలో ఉన్నాయి’. పాత విద్యార్థి ఒకడు తన పుస్తకం మీద సంతకం చెయ్యమని వస్తే ఆశీర్వదించి తల నిమిరి పంపింది, పుస్తకం తెరవలేదు. సూదిలో దారం చెల్లెలు ఎక్కించి ఇచ్చేది. ఒకసారి వంటగదిలోకి వెళితే మరదలు ఆమె కుడిచేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది, పిచ్చుకపిల్లను పట్టుకున్నట్టు. నన్ను చూసి వదిలేసింది, ‘అక్క చెయ్యి చల్లగా ఉందని’ అంది. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినప్పుడల్లా అక్కచెల్లెళ్ళిద్దరే వెళ్ళేవాళ్ళు, ‘ఆడవాళ్ళ గొడవలు మీకెందుకు’ అనేవాళ్ళు, నేను పేపరు చదువుకునేవాణ్ణి. చెయ్యి వణికేది. ఆమె కుడిచెయ్యి వణికేది, ఆ చేత్తో సంతకం పడేది కాదు, నాకు తెలియనివ్వలేదు.

ఇక బీట్‌రూట్. వేలిముద్ర వేసి మెట్లు దిగి ఉంటుంది. బొటనవేలు చూసుకుని ఉంటుంది. తుడిస్తే పోలేదు. ఇంటికెళితే ఇన్‌స్పెక్టరుగారు కూర్చుని ఉంటారు, మరక కనిపెట్టడంలో పేరున్న మనిషి. అంగడి ముందు ఆగి, ఏ కూరగాయ రంగు తన వేలి రంగుకు దగ్గరో చూసుకుని ఉంటుంది. తనకు పడని దుంపల్ని ఏరుకుని కొంది. చేతులు రెండూ మణికట్టు దాకా ముంచి తొక్క తీసింది. కూర్చుని తింది కూడా, తిన్నది నాకు గుర్తుంది, ఒక్కొక్క ముక్కా మందులా మింగింది, నేనేమో నా మీద ప్రేమ అనుకున్నాను. ప్రేమ కాదని ఇప్పుడు మాత్రం ఎలా అనను. సాయంత్రానికి వేళ్ళన్నీ తెల్లబడ్డాయి, ఎడమ బొటనవేలు మటుకు రెండు రోజులున్నా పోలేదు, పెళ్ళిరోజు ఫొటో తీసుకుంటుంటే కూడా ఆ వేలు పిడికిలిలో ముడుచుకుంది. ‘నీ బొటనవేలికి బీట్‌రూట్ బాగా నచ్చినట్టుందే’ అన్నాను నేను. ఆమె ఎంతసేపు నవ్విందో. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అప్పుడైనా చూడొద్దూ.

కాబట్టి నాకు ఏం కావాలి? ముద్ర దొంగదైతే ఆమె నా దగ్గర ఏమీ దాచలేదు, చెయ్యి బాగుంది, బీట్‌రూట్ నాకోసమే. ముద్ర నిజమైతే రెండేళ్ళు నా పక్కన పడుకున్న మనిషి వణుకును దిండు కింద పెట్టుకుని పడుకుంది. ఇన్నాళ్ళూ మరదల్ని అనుమానించడం ఎందుకంత తేలికగా, ఎందుకంత సుఖంగా ఉందో ఇప్పుడు అర్థమవుతున్నది. ఎవరో ఒకరు మోసం చేసి ఉండాలి. నా భార్య కాకూడదు, అంతే.

‘సార్, మిమ్మల్ని రమ్మంటున్నారు’ అన్నాడు గుమాస్తా. లేవబోతే బెంచీ కాలు కింది అట్ట జారి టకమంది.

ప్లీడరు గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని అఫిడవిట్ నా ముందు పెట్టారు. ‘చదువుకోండి. చివర్న సంతకం. నాలుగో పేరా చూశారూ, కేసంతా దాని మీదే నిలబడింది.’ నాలుగో పేరాలో ఉంది: ఆ తారీఖున నా భార్య ఇల్లు కదలలేదు, ఆమె జీవితంలో ఎన్నడూ వేలిముద్ర వేసి ఎరగదు. అక్షరాలు కుదురుగా ఉన్నాయి. చదివి పెన్ను మూత పెట్టేశాను.

‘ఇది నిజం కాదండీ.’

‘మీరు చెప్పిందే కదండీ రాశాం.’

‘నేను చెప్పిందే. బీట్‌రూట్ సంగతి మర్చిపోయి చెప్పాను.’

ఆయన నన్ను కాసేపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు, ముసలాణ్ణి ఎవరైనా బెదిరించారా, లేక మతి తప్పిందా అని తూస్తున్నారు. ‘ఎవరైనా వచ్చి మాట్లాడారా మీతో? మీ మరదలుగారుగానీ...’ ‘ఆవిడ నాతో మాట్లాడి చాలా రోజులైంది. మాట్లాడితే ఇంకా ముందే గుర్తొచ్చేదేమో.’ ‘ఇన్‌స్పెక్టరుగారూ, ఇది లేకపోతే మీ చేతిలో ఏమీ ఉండదు. ఇల్లు పోయినట్టే.’ ‘ఉంటాను కదండీ అందులో. వంటగది ఇద్దరిదీ అని కూడా రాసింది.’ ఆయన నిట్టూర్చి కాగితాన్ని తనవైపు లాక్కున్నారు, చింపలేదు, తిరగేసి పెట్టారు. ‘అమ్మాయిగారికి ఏం చెబుతారు?’ అన్నారు. అది మాత్రం దయగా అడిగారు. ఇందాక ఫోన్లో నవ్వింది బహుశా వాళ్ళావిడతోనేమో.

అమ్మాయికి వీధిలోనే, దీపస్తంభం కింద నిలబడి ఫోన్లో చెప్పాను. ‘ముద్ర అమ్మదే.’ ‘నీకెలా తెలుసు? పిన్ని చెప్పిందా?’ ‘ఆ రోజు అమ్మ తనే వెళ్ళి బీట్‌రూట్ కొనుక్కొచ్చి వండింది.’ ‘నాన్నా, అందరం బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే నువ్వు బీట్‌రూట్...’ అని ఆగింది. అవతల ఏదో గిన్నె పెట్టిన చప్పుడైంది. ‘అమ్మ బీట్‌రూట్ వండిందా?’ అంది. ‘చేతులు నిండా.’ ‘అమ్మా?’ అంది మళ్ళీ, ఈసారి నన్ను అడుగుతున్నట్టు లేదు. ఒప్పుకున్నానని అనలేదు, ఒప్పుకోననీ అనలేదు, రేపు చేస్తానని పెట్టేసింది. చేస్తుందో, వేరే ప్లీడరును చూస్తుందో, చెప్పలేను.

ఇంటికి వచ్చేసరికి మరదలు మిషన్ మీద గుడ్డ కప్పుతోంది. నా చేతిలో కాగితాలేమైనా ఉన్నాయేమోనని చూసింది. చూడనీ, అనుమానపడే హక్కు ఆమెకు కూడా ఉంది. ‘సంతకం పెట్టొచ్చారా బావగారూ?’ అంది, గోడకు చెబుతున్నట్టు.

‘లేదమ్మా. చెయ్యి వణికింది.’

గుడ్డ అంచు సర్దుతున్న వేళ్ళు ఆగిపోయాయి. నా కుడిచేతి వంక చూసింది, చెయ్యి నిలకడగానే ఉంది, మళ్ళీ నా మొహంలోకి చూసింది. ‘అక్క చెప్పొద్దంది’ అంది. ‘మీరు రాత్రుళ్ళు నిద్రపోరని.’ నేను తల ఊపాను. ఇంకేం అడగలేదు. అడగవలసినవి చాలానే ఉన్నాయి, డాక్టరు ఏమన్నాడు, ఏడాది ఎందుకు ఆగమంది, ఇల్లు కూతురికెందుకు ఇవ్వలేదు, నాకెందుకు చెప్పలేదు, నాకే ఎందుకు చెప్పలేదు. రేపు టీ గడప దగ్గర పెట్టకుండా లోపలికి తెస్తే ఒక్కొక్కటీ అడుగుతాను. రొట్టె ఉంటే తిని, బీరువా తాళం తీసి, తాళంచెవి దానికే వదిలేసి, మంచం మీద వాలాను.

కాసేపటికి మధ్య తలుపు దగ్గరికి ఆమె వచ్చింది. నేను కళ్ళు తెరిచే ఉన్నాను, మొదటిసారి చూస్తున్నాను. రెండు చేతులతో గడియ కింద పట్టుకుంది, మోకాలు ఆనించింది, అంత బరువు తలుపును నేల మీదనుంచి పైకెత్తి, ఊపిరి బిగబట్టి, చప్పుడు కాకుండా మూసింది.